పూజకెక్కిన కాగితం గింజ

పోయిన నెల పలమనేరు పాఠకురాలు ఒకరు పంపిన ఫొటో వేసి, ఇదేంటో చెప్పుకోండి చూద్దాం అన్నాను. ఉల్లిపొర లాంటి తెల్లటి రెక్క, మధ్యలో చదునుగా ఒక గింజ, అంతే. చిమ్మట రెక్క అన్నవాళ్ళున్నారు, చేప పొలుసు అని ఒకాయన పందెం కాశారు, ముగ్గురు నలుగురు మాత్రం కరెక్టుగా చెప్పారు. జవాబులతో పాటు ప్రశ్నలు కూడా వచ్చిపడ్డాయి కాబట్టి ఈసారి పేజీ మొత్తం ఆ గింజకే. ముందు ఫొటో పంపినావిడ ఉత్తరం.

ఫ్యామిలీతో కూర్గ్ పోతూ దారిలో బైలకుప్పె గోల్డెన్ టెంపుల్ దగ్గర ఆగాము. బయట అంగట్లో ఈ గింజల్ని దండలుగా గుచ్చి వేలాడదీసి ఉన్నారు. ప్లాస్టిక్ అనుకున్నా. అడిగితే దేవుడికి పెట్టే పూలు అన్నాడు. మా ఆయనేమో, మనం కొత్తవాళ్ళమని ఆడుకుంటా ఉన్నాడు, పద పద అన్నాడు. ఇది ఏ చెట్టుది? నిజంగానే పూజకు వాడతారా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

ఆ అంగడాయన మిమ్మల్ని ఆటపట్టించలేదమ్మా, నిజమే చెప్పాడు. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి.

ఇది దుండిలం చెట్టు గింజ. కొన్నిచోట్ల పంపిణి అంటారు, ఆయుర్వేదం వాళ్ళకు శ్యోనాకం, వృక్షశాస్త్రంలో ఓరాక్సైలమ్ ఇండికమ్. మన వీధుల్లో రాత్రిళ్ళు ఘుమఘుమలాడే ఆకాశమల్లె ఉంది చూడండి, దాని కుటుంబమే, కానీ వాసనలో మాత్రం పూర్తిగా తిరగబడిన చెల్లెలు. చెట్టు మరీ పెద్దదేం కాదు, మూడు నాలుగంతస్తుల మేడ ఎత్తుకు పోతే గొప్ప. కాయ మాత్రం చూసి తీరాల్సిందే. మీటరు దాకా పొడవు, బల్లపరుపుగా, కొద్దిగా వంపు తిరిగి, అచ్చం కత్తి వేలాడదీసినట్టు ఉంటుంది. చలికాలానికి ఆకులన్నీ రాలిపోయాక మోడు కొమ్మల మీద ఈ కత్తులు మాత్రమే మిగులుతాయి, సందెపొద్దులో దూరం నుంచి చూస్తే కాస్త భయమే వేస్తుంది. కాయ ఎండి రెండు చెక్కలుగా విచ్చుకుంటే లోపల పొరలు పొరలుగా పేర్చినట్టు బోలెడన్ని గింజలు. ఒక్కో గింజకు మూడు వైపులా పారదర్శకంగా రెక్క ఉంటుంది, రెక్కతో కలిపితే మన అరచేతిలో సగం ఉంటుంది. గాలికి వదిలితే ధబీమని పడదు, వలయాలు తిరుగుతూ తేలుతూ తల్లిచెట్టుకు దూరంగా పోయి వాలుతుంది. చెట్టుకు కావలసింది అదే.

ఇక పూజ సంగతి. మీరు చూసిన గోల్డెన్ టెంపుల్ ఉన్నది నామ్‌డ్రోలింగ్ అనే టిబెటన్ బౌద్ధ మఠంలో, ఆ మఠం 1963లో మొదలైంది. చైనా ఆక్రమణ తర్వాత టిబెట్ వదిలి వచ్చినవాళ్ళకు అప్పట్లో మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో భూమి ఇచ్చింది, ఆ శిబిరంలోనే ఈ మఠం లేచింది. చలికాలంలో మన ఊళ్ళలో ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు పరిచి అమ్మే టిబెటన్లు చాలామంది ఇలాంటి శిబిరాల నుంచి వచ్చేవాళ్ళే. టిబెటన్ సంప్రదాయపు బౌద్ధంలో ఈ గింజలు పూలతో సమానం. బుద్ధుడి విగ్రహం ముందు పెడతారు, దండ గుచ్చి వేస్తారు, మంత్రం చదువుతూ బియ్యంతో కలిపి పైకి విసురుతారు. మన పెళ్ళిలో అక్షింతలు పడే చోట వాళ్ళ పూజలో ఈ రెక్కలు తేలుతూ దిగుతాయన్న మాట. ఒక్క టిబెటన్లే కాదు, నేపాల్ కొండల్లో, సిక్కింలో, భూటాన్‌లో కూడా వాడకం ఉంది. నేపాలీలో దీన్ని టటేలో అంటారు, తూర్పు నేపాల్లో తొతలా అనడమూ ఉంది. అక్కడి లింబూ తెగవాళ్ళు బౌద్ధులు కాకపోయినా తమ సొంత కిరాత సంప్రదాయంలో దీన్ని పవిత్రంగా చూస్తారు. అంటే ఇది ఒక్క మతం సొత్తు కాదు, ఆ కొండవాలు మొత్తానిది.

గింజే ఎందుకు, పువ్వు పెట్టొచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. ఈ చెట్టు పువ్వును ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే ఆ ప్రశ్న రాదు. వానాకాలంలో చెట్టు తల మీద నుంచి పొడవాటి కాడ పైకి లేస్తుంది, దాని చివర బయట ఊదా ఎరుపు, లోపల పాలిపోయిన పసుపు రంగులో మందపాటి గిన్నెల్లాంటి పూలు. పొద్దుగూకాక విచ్చుకుంటాయి, తెల్లారేసరికి రాలిపోతాయి. ఆ కొద్ది గంటల్లో ముక్కు మూసుకోవాల్సినంత కంపు. ఇదంతా గబ్బిలాల కోసం. తేనె తాగే గబ్బిలం వచ్చి ఆ మందపాటి పూరేకుల మీద వాలి తల లోపలికి దూర్చితే పుప్పొడి దాని ఒంటికి అంటుకుని ఇంకో చెట్టుకు పోతుంది. కాడ అంత పైకి లేవడం కూడా అందుకే, కొమ్మలు అడ్డం లేకుండా గబ్బిలం నేరుగా వచ్చి వాలొచ్చు. ఇంగ్లీషువాడు ఈ చెట్టుకు మిడ్‌నైట్ హారర్ అని పేరు పెట్టాడంటే ఊరికే పెట్టలేదు. అర్ధరాత్రి విచ్చి, కంపు కొట్టి, పొద్దున్నే నేలపాలయ్యే పువ్వును ఏ పూజారి మాత్రం ముట్టుకుంటాడు?

గింజ అలా కాదు. వాసన లేదు, వాడదు, కుళ్ళదు, బరువు లేదు. దుండిలం కొండ కింది వెచ్చటి అడవుల చెట్టు, టిబెట్ పీఠభూమి చలికి బతకదు. పైన ఏడాదిలో చాలా నెలలు ఏ పువ్వూ దొరకదు. కింది లోయల్లో ఏరిన గింజల్ని మూటగట్టి ఎంత పైకైనా మోసుకుపోవచ్చు, ఏడాది తర్వాత తీసినా అలాగే తెల్లగా ఉంటాయి. పూలు కరువైన దేశం తన పూజకు ఈ గింజను పువ్వుగా చేసుకుందంటే నాకు ఇదే అసలు కారణం అనిపిస్తుంది. దాని వెనక వాళ్ళు చెప్పుకునే నమ్మకాలు వేరే ఉంటాయి, అవి వాళ్ళను అడిగే తెలుసుకోవాలి.

బోధివృక్షం అంటే రావి చెట్టు అనే కదా స్కూల్లో చదువుకున్నాం. ఈ దుండిలం కూడా బోధివృక్షమే అని ఎవరో అంటే విన్నాను. ఏది నిజం?
– ఒక టీచరు, శ్రీకాళహస్తి

రెండూ నిజమే టీచరుగారూ, కాకపోతే బుద్ధులు వేరు.

గౌతమ బుద్ధుడు జ్ఞానం పొందింది రావి చెట్టు కిందే, బుద్ధగయలో, అందులో మార్పేం లేదు. అయితే శ్రీలంక వైపు పాటించే థేరవాదం అనే శాఖ బౌద్ధుల లెక్కలో గౌతముడి కంటే ముందు కూడా బుద్ధులున్నారు. బుద్ధవంశం అనే పాళీ గ్రంథం దీపంకరుడితో మొదలుపెట్టి 24 మంది పూర్వ బుద్ధుల కథలు చెబుతుంది, ఒక్కొక్కరూ ఏ చెట్టు కింద బోధి పొందారో కూడా చెబుతుంది. ఆ చెట్ల జాబితా చూస్తే మన ఊరి పొలిమేర చూసినట్టే ఉంటుంది. కాశ్యప బుద్ధుడికి మర్రి, కోణాగమనుడికి మేడి, కకుసంధుడికి దిరిసెన, విపస్సికి పాటలి, అంటే మన కలిగొట్టు. ఆ వరసలోనే పదుముడు, నారదుడు అనే ఇద్దరు బుద్ధులకు మహాసోణ వృక్షం అని ఉంది (ఈ నారదుడు మన తంబురా నారదుడు కాదు). శ్రీలంక వాళ్ళు ఆ మహాసోణాన్ని తమ తొటిల చెట్టుగా చెప్పుకుంటారు, ఆ తొటిలే మన దుండిలం. మీరు విన్న మాట అక్కణ్ణుంచి వచ్చింది.

ఒక్క విషయంలో జాగ్రత్త. చాలామంది ఈ రెండు కథల్ని కలిపేసి, బోధివృక్షం కాబట్టే టిబెటన్లు దాని గింజ పూజకు వాడతారు అని రాసేస్తున్నారు. సింహళ సంప్రదాయంలో పవిత్రమైంది చెట్టు, అది పూర్వ బుద్ధుల గురించిన కథ. హిమాలయాల్లో పవిత్రమైంది గింజ, అది రోజువారీ పూజలో వాడే ద్రవ్యం. మధ్యలో వేల కిలోమీటర్ల దూరం, బౌద్ధంలో వేర్వేరు శాఖలు. ఒకే చెట్టు రెండు చోట్లా రెండు దారుల్లో గుడికెక్కింది అనుకోవడమే సబబు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పండి, టీచర్లు చెప్పకపోతే వాట్సాప్ చెబుతుంది.

తలకోన పోయినప్పుడు కాగితంలాంటి రెక్క ఉన్న కాయలు దొరికినాయి. గుండ్రంగా ఉన్నాయి. ఫొటో చూసి అదే అనుకున్నా. ఇంట్లో దేవుడి దగ్గర పెట్టాను. సరేనా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

ఫొటో పంపావు కాబట్టి బతికిపోయావు నాయనా. గుండ్రటి రెక్క, మధ్యలో ఉబ్బెత్తుగా గింజ, అది ఎర్రచందనం కాయ. దుండిలం అయితే రెక్క గింజకే ఉంటుంది, కాయ వేరేగా కత్తిలా ఉంటుంది. నీ దగ్గరున్నది మొత్తం కాయే.

మన వైపు రెక్కల గింజలు చాలానే ఉన్నాయి కాబట్టి తికమక సహజం. ఎండాకాలం నెమలినార చెట్టు కింద గుట్టలుగా పడే చిన్న గుండ్రటి బిళ్ళలు ఒకటి. పెద్దమాను కాయకు సన్నగా పొడుగ్గా మెలి తిరిగిన రెక్క ఉంటుంది. ఆకాశమల్లె గింజ దుండిలానికి బాగా దగ్గర పోలిక, కానీ చాలా చిన్నది. ఆఖరికి మునక్కాయ ఎండబెట్టి విప్పినా గింజకు మూడు రెక్కలు కనిపిస్తాయి.

దేవుడి దగ్గర పెట్టడం నీ ఇష్టం, దేవుడేం అనడు. ఫారెస్టు వాళ్ళు అంటారు. తలకోన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది, అక్కడ రాలిన కాయైనా సరే ఏరి తేవడం నేరం, అందులోనూ ఎర్రచందనం. ఈసారి పోతే ఫొటో చాలు.

ఆన్‌లైన్లో ఈ గింజల దండ చూశాను. గుమ్మానికి కడితే దృష్టి తగలదు, అప్పులు తీరతాయి, మంత్రించి పంపుతాం అని రాశారు. రేటు మామూలుగా లేదు. మా అత్త కొనమంటోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా?
– గృహిణి, పుత్తూరు

ఇంటి పైకప్పు నుంచి ఈ గింజల దండ వేలాడదీస్తే రక్ష అనే నమ్మకం హిమాలయ కొండ ఊళ్ళలో ఉన్నమాట వాస్తవం. మనం గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టడం లేదా, అలాంటిదే. వాళ్ళు తమ అడవిలో ఏరుకుని, ఇంట్లో కూర్చుని గుచ్చి, కట్టుకుంటారు. అందులో అప్పులు తీరడం ఎక్కడా లేదు, ఆ లైను అమ్మేవాడు కలిపింది.

అందంగా ఉంది, ఇంట్లో పెట్టుకుంటాను అంటే నిక్షేపంగా కొనండి, మామూలు దండ రేటుకు. మంత్రించినందుకు అని వేసే ఎక్స్‌ట్రా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వద్దు, ఎవరు మంత్రించారో, అసలు మంత్రించారో లేదో మీరు చూడబోయారా? అత్తగారితో గొడవ ఎందుకు, బైలకుప్పె వైపు పోయే చుట్టాలెవరైనా ఉంటే తెప్పిస్తానని చెప్పండి. తెచ్చాక తేమ తగలని చోట కట్టుకోండి, వానాకాలంలో బూజు పడితే రెక్క నల్లబడుతుంది. చిన్నపిల్లలు లాగి నోట్లో పెట్టుకోకుండా ఎత్తులో కట్టండి. గింజ మంచిది, పొడి చేసి తాగండి అని కొన్ని వీడియోలు తిరుగుతున్నాయి, వాటి జోలికి పోవద్దు.

మా కోడలు బాలింత. దశమూలారిష్టం తాగుతోంది. అందులో కూడా ఈ చెట్టే ఉందని మా తమ్ముడు అంటున్నాడు. పూజ చేసే చెట్టును మందుకు నరుకుతారా అని బాధగా ఉంది.
– ఒక పెద్దావిడ, చిత్తూరు

మీ తమ్ముడు చెప్పింది కరెక్టేనమ్మా. దశమూలాల్లో పెద్ద చెట్ల వేళ్ళు ఐదు, చిన్న మొక్కలవి ఐదు. ఆ పెద్ద ఐదింటిలో మారేడు, గుమ్మడి టేకు, కలిగొట్టుతో పాటు శ్యోనాకం, అంటే దుండిలం ఉంది. చూశారా, ఇందాక టీచరుగారికి చెప్పిన బుద్ధుల చెట్లు రెండూ, కలిగొట్టూ దుండిలమూ, ఇక్కడ ఒకే సీసాలో చేరాయి. దుండిలం బెరడులో బైకాలీన్, క్రైసిన్, ఓరాక్సిలిన్ అనే పదార్థాలు ఉన్నాయని రసాయన శాస్త్రం కూడా చెబుతోంది, వాటి మీద ల్యాబుల్లో పని జరుగుతూనే ఉంది. కోడలు ఆ మందు తాగొచ్చా, ఎంత తాగాలి అన్నది మాత్రం డాక్టరును అడగండి, నన్ను కాదు.

మీ బాధ మాత్రం సరైన చోటే ఉంది. ఆకు కోస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. పూజకు గింజ ఏరితే చెట్టుకు ఏమీ కాదు, కాయ తనంతట తానే విప్పి గాలికి పంచేసింది కదా. మందుకు కావలసింది వేరు, వేరు మీది బెరడు. అది తవ్వి తీస్తే చెట్టు చచ్చిపోయినట్టే. దశమూలం అంటే ఒక్క అరిష్టమే కాదు, కషాయాలు, తైలాలు, లేహ్యాలు, ఎన్నో మందుల్లో పడుతుంది, సరుకులో చాలా భాగం అడవి నుంచే రావాలి. అందుకే మన దేశంలో చాలా చోట్ల ఈ చెట్టు పలచబడిపోయింది. తూర్పు కనుమల్లో ఒకప్పుడు గొడ్లు కాసేవాళ్ళకు కూడా తెలిసిన చెట్టు, ఇప్పుడు చూపించమంటే వెతకాలి. దొరక్కపోయేసరికి ఇందాక చెప్పానే పెద్దమాను, దాని బెరడును దీని బదులు కలిపేయడం కూడా బజారులో మామూలైపోయింది. ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు, దానికి కాయకు, దీనికి గింజకు రెక్క ఉండటం తప్ప.

వేరు బదులు కాండం బెరడు, కొమ్మలు వాడితే సరిపోతుందా అని పరిశోధకులు చూస్తున్నారు. అంతకంటే సులువైన దారి పొలం గట్ల మీద పెంచడం. మన జిల్లాలో ఎర్రచందనం పెంచుతున్న రైతులు ఇంతమంది ఉన్నారు, దుండిలం పెంచేవాళ్ళు నాకైతే కనిపించలేదు. పదేళ్ళు ఆగే ఓపిక ఉన్న రైతు రెండు గట్లకు వేసుకుంటే నష్టపోయేదేం లేదు అని నా అభిప్రాయం. థాయ్‌లాండ్, లావోస్‌లో అయితే లేత కాయ నిప్పుల మీద కాల్చి, పైపొట్టు గీకేసి, కారం పచ్చడితో నంజుకు తింటారు కాబట్టి పెరట్లోనే పెంచుతారు. చేదుగా ఉంటుంది, మన కాకర ప్రియులకు నచ్చొచ్చు.

నా దగ్గర ఒక దండ ఉంది. అందులోంచి గింజ తీసి నాటితే మొలుస్తుందా? మాకు కుప్పం దగ్గర ఎకరా మామిడి తోట ఉంది.
– ఒక రైతు, కుప్పం

దండ ఎప్పటిదో చూసుకోండి. దుండిలం గింజ తాజాగా ఉంటే చాలా సులువుగా మొలుస్తుంది, నిలవయ్యేకొద్దీ మొలక శాతం పడిపోతుంది. పోయిన చలికాలం కాయదైతే ఆశ పెట్టుకోవచ్చు. దారం గుచ్చేటప్పుడు సూది గింజలోంచి పోయి ఉంటే అది పనికిరాదు, రెక్కలోంచి పోయి ఉంటే పర్వాలేదు. కవర్లో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి, గింజను రెక్కతో సహా పడుకోబెట్టి పైన పల్చగా మట్టి చల్లండి. లోతుగా పూడ్చొద్దు. తడి ఆరకుండా చూస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక బయటికొస్తుంది. దండ గింజలు మొలవకపోతే విత్తనం కోసం అడవిలోకి పోకండి, అటవీ శాఖ నర్సరీలోనో, ఔషధ మొక్కలు పెంచేవాళ్ళ దగ్గరో శ్యోనాకం అని అడగండి, ఆ పేరుకే త్వరగా పలుకుతారు.

వానలు పడ్డాక తోట హద్దులో ఎండ బాగా తగిలే చోట నాటండి, మామిడి నీడలో పెట్టొద్దు. ఇంటికి, బావి దగ్గరి మంచానికి దూరంగా పెట్టండి, ఎందుకో పూల వాసన గురించి చదివాక మీకే తెలుస్తుంది. దీని ఆకు కూడా మామూలు ఆకు కాదు, కొమ్మంత పెద్దది, చాలాసార్లు మనిషి ఎత్తు ఉంటుంది, రెమ్మలు రాలిపోయాక కాడలు ముక్కలు ముక్కలుగా కింద పడి ఎముకల కుప్పలా కనిపిస్తాయి. కూలీలు చూసి జడుసుకుంటే ముందే చెప్పి ఉంచండి. గబ్బిలాలు వస్తే మామిడి తినేస్తాయని భయం వద్దు, మన మామిడి కోతలు అయిపోవచ్చే సమయానికి గానీ దీనికి పూత రాదు.